పది లక్షల ఒకటి

ఉద్యోగంలో కొత్తగా చేరిన మాస్టర్లు, టీచరమ్మలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వనపర్తిలో పాత లెక్కల సారు ఇల్లు ఎక్కడంటే బస్టాండులో ఎవరైనా చెప్తారు. ఈ మాట చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను. వచ్చినవాళ్లు టీ తాగుతూ, మీ సర్వీసులో మీకు బాగా గర్వంగా అనిపించిన రిజల్టు ఏది సార్ అని అడుగుతారు. ఫలానా ఏడాది పదో తరగతిలో అందరూ పాసయ్యారని చెప్తాననుకుంటారు. అట్లాంటి ఏళ్లు రెండున్నాయి, వాటి ఫొటోలు గోడ మీద ఉన్నాయి. అవి కాదు నేను చెప్పేది. ఒక కాగితం తీసుకుని ఒకటి రాయమంటాను. దాని పక్కన ఐదు సున్నాలు పెట్టి, చివర మళ్లీ ఒకటి రాయమంటాను. పది లక్షల ఒకటి. నా గర్వమంతా ఆ సంఖ్య దగ్గరే ఉంది. నా సర్వీసులోకెల్లా పెద్ద తప్పు చేసింది కూడా అక్కడే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను వనపర్తి నుంచి శ్రీరంగాపూర్ పోయే దారిలో ఒక ఊరి హైస్కూల్లో పనిచేసేవాణ్ని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల లెక్కల మాస్టర్లమంతా కలిసి పదో తరగతి పిల్లలకు ఏటా ఒక గణిత పరీక్ష పెట్టేవాళ్లం. ప్రభుత్వానిది కాదు, మాకు మేమే పెట్టుకున్నది. యాభై మార్కులు. ఆ ఏడు మాత్రం దానికి బరువు పెరిగింది. ఆడపిల్లల్లో మొదట నిలిచిన అమ్మాయిని ఇంటర్మీడియట్ రెండేళ్లూ ఫీజు అడగకుండా, హాస్టల్లో ఉంచి చదివిస్తామని వనపర్తిలో ఒక కాలేజీవారు ముందుకొచ్చారు. సీటు ఒక్కటే.

ప్రశ్నపత్రం తయారుచేసేది నేను. జవాబుల పట్టిక రాసేదీ నేనే. ఆ పని ఇంకొకరికి ఇవ్వాలని ఎవరూ అనలేదు, అన్నా నేను ఇచ్చేవాణ్ని కాదు. నా పత్రంలో చివరి ప్రశ్న ఎప్పుడూ ఒక పెద్ద సంఖ్య మీద ఉండేది. ఇది ప్రధాన సంఖ్యా కాదా? రెండు మార్కులు. ఒకటితో, తనతో తప్ప మరి దేనితోనూ తెగకపోతే ప్రధాన సంఖ్య. వేరే దేనితోనైనా శేషం లేకుండా తెగితే కాదు. పిల్లలు ఆ ప్రశ్న దగ్గర బుర్ర గోక్కోవడం చూస్తే నాకదో సంబరం.

ఆ సంఖ్యను సరిచూడ్డానికి మా బడిలో ఒక పద్ధతి ఉండేది. పది లక్షల దగ్గరి సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చాలంటే, వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలన్నిటితో దాన్ని భాగించి చూస్తే చాలు. అవి నూట అరవై ఎనిమిది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. క్యాలిక్యులేటరు ముట్టుకోవడం నాకు నామోషీ. కాబట్టి మధ్యాహ్నం భోజనాలు అయ్యాక స్టాఫ్‌రూములో అందరికీ చీటీలు పంచేవాణ్ని. హిందీ పండిట్, తెలుగు పండిట్, సోషల్ మేడం, సైన్సు సారు, డ్రిల్లు మాస్టరు, ఐదుగురూ నా సేన. తలా ఇరవై ఎనిమిదో ఇరవై తొమ్మిదో భాగహారాలు. ఎవరికైనా శేషం సున్నా వస్తే సంఖ్య పగిలినట్టు, ఆ రోజు వాళ్లకు నా తరఫున మిరపకాయ బజ్జీలు. అందుకని నా సంఖ్యను పగలగొట్టాలని పళ్లు పటపటా కొరుకుతూ భాగించేవాళ్లు. తెలుగు పండిట్ అయితే పద్యం చదివినట్టు పైకి రాగం తీస్తూ భాగించేవాడు. పగిలిన సంఖ్యను పక్కన పడేసి ఇంకొకటి తెచ్చేవాణ్ని. పగలకుండా నిలబడ్డదే ప్రశ్నపత్రంలోకి పోయేది.

ఆ ఏడు తెచ్చింది పది లక్షల ఒకటి. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో చూడండి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. వందలోపు ఇరవై అయిదు ప్రధాన సంఖ్యలు ఎప్పటిలాగే నా వాటా. దాని తర్వాత వచ్చే నూట ఒకటిని కూడా నేనే ఉంచుకున్నాను. దానికి నోటిలెక్క ఉంది, చీటీ ఎందుకు దండగ అన్నాను. మిగతా నూట నలభై రెండూ ఐదుగురికి పంచాను. మూడు రోజులు భాగించారు. ఎవరికీ సున్నా రాలేదు. ఈసారి సార్ సంఖ్య ఉక్కుదని డ్రిల్లు మాస్టరు ఒప్పుకుని చీటీ టేబులు మీద పడేశాడు. జవాబుల పట్టికలో నేను 'ప్రధాన సంఖ్య' అని రాసి కింద గీత కూడా గీశాను.

పరీక్ష అయింది. పేపర్లు మేమే దిద్దుకున్నాం. ఎవరి బడి పేపర్లు వాళ్లు దిద్దకూడదు కాబట్టి గద్వాల వైపు కట్టలు నాకు వచ్చాయి, మా బడి కట్ట నాగర్‌కర్నూల్ పోయింది. ఫలితాలు చూస్తే ఆడపిల్లల్లో మొదటి పేరు మా బడి అమ్మాయిది, నలభై ఏడు. రెండోది గద్వాల అమ్మాయి, నలభై నాలుగు. నేను ఆ వారం నేల మీద నడవలేదు. మా బడి అమ్మాయి తండ్రి మూడెకరాల మెట్ట రైతు. ఒక సంచి నిండా పల్లికాయ తెచ్చి స్టాఫ్‌రూములో దింపి, నా బిడ్డను కాలేజీల ఏసింది మీరే సార్ అని నా చేతులు పట్టుకున్నాడు. నేను వద్దనలేదు. పల్లికాయనూ వద్దనలేదు, ఆ మాటనూ వద్దనలేదు.

దిద్దిన పేపర్లు తిరిగి బడులకు పంపేయడం మా ఆనవాయితీ. బహుమతుల రోజు ఇంకా నాలుగు రోజులుందనగా, గద్వాల నుంచి ఒక మేడం బస్సెక్కి మా బడికి వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. వెంట రెండు జడల అమ్మాయి, చేతిలో ఆ పేపరు. రీకౌంటింగు అడగడానికి వచ్చిందనుకుని నేను కొంచెం బిగుసుకుని కూర్చున్నాను. లెక్క తప్పుంటే చూస్తాంగానీ జవాబులు మార్చేది లేదమ్మా అని ముందే చెప్పేశాను. ఆమె గొడవేమీ పడలేదు. పేపరు చివరి పేజీ తీసి నా ముందు పెట్టింది.

"ఈ గుణకారంల తప్పేడుందో జర చూపియ్యుండ్రి సార్. మా పిల్లకు నేను చెప్పలేకపోతున్న."

పేజీలో చిన్న చిన్న అంకెల్లో ఉంది. 101 × 9901 = 1000001. కనుక ప్రధాన సంఖ్య కాదు. దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర సిరాతో కొట్టివేత. ఆ గీత నాదే. పట్టికలో ప్రధాన సంఖ్య అని ఉంది, పిల్ల కాదని రాసింది, నేను చదవకుండా కొట్టేశాను. గుణకారం మనసులో చేసి చూశాను. 9901ని వందరెట్లు చేసి ఇంకో 9901 కలపాలి, అంతే. ఒకసారి చేశాను, రెండోసారి చేశాను. రెండుసార్లూ పది లక్షల ఒకటే వచ్చింది.

ఇది నీకెట్లా తట్టిందమ్మా అని పిల్లను అడిగాను. సిగ్గుపడుతూ బోర్డు దగ్గరికి పోయింది. వాళ్ల ఇంట్లో చీరలు నేస్తారట. పడుగు పోగులు ఎప్పుడూ జతలు జతలుగా లెక్కపెట్టడం అలవాటట. అంకెలను కూడా కుడివైపు నుంచి జతలుగా విడదీసింది. నూట ఒకటితో గుణించడమంటే అదే సంఖ్యను రెండు స్థానాలు ఎడమకు జరిపి కింద వేసి కూడడమే గదా సార్ అంది. చివరి జత 01 కావాలి, కాబట్టి తను వెతికే సంఖ్య చివర 01. అది జరిగి పక్క జత కింద పడుతుంది. అక్కడ సున్నాలు రావాలంటే పైన 99 ఉండాలి. తొంభై తొమ్మిదీ ఒకటీ వంద, సున్నాలు దిగుతాయి, ఒకటి చేతిలో. ఆ 99 మళ్లీ జరిగి తర్వాతి జతలో పడుతుంది, చేతిలోని ఒకటి దాన్ని వంద చేస్తుంది. మళ్లీ సున్నాలు, మళ్లీ ఒకటి చేతిలో. ఆ ఒకటి పోయి ముందున్న ఒకటి స్థానంలో కూర్చుంది. మిగిలింది ఏమీ లేదు.

"ముందుగాల ఎటు వోతదో తెల్వలే సార్. చేస్తుంటే చివర్ల అదే కల్సింది," అంది సుద్దముక్క కింద పెడుతూ.

స్టాఫ్‌రూములో నా సేనంతా ఉంది. హిందీ పండిట్ మెల్లగా బీరువా తెరిచి పాత చీటీల కట్ట తీశాడు. ఒక్కొక్కరూ తమతమ చీటీ చూసుకున్నారు. నూట ఒకటి ఎవరి దగ్గరా లేదు. అందరూ నా వైపు చూశారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. అంకెలను జతలు చేసి ఒక జత కూడి ఒక జత తీసివేస్తూ పోతే, చివరికి సున్నా వస్తే నూట ఒకటితో తెగినట్టు. ఉత్తగా కూడుకుంటూ పోయే పద్ధతి తొంభై తొమ్మిదిది. నేను దీనికీ కూడుకుంటూనే పోయాను. తీసివేయాల్సిన చోట కూడి, రెండు వచ్చింది, తెగదు అనుకున్నాను. నూట నలభై రెండు భాగహారాలు తప్పు లేకుండా చేసినవాళ్లు హిందీ, తెలుగు, సోషలు చెప్పేవాళ్లు, పిల్లలతో కబడ్డీ ఆడించేవాడు. ఒక్కటి తప్పింది లెక్కల మాస్టరుకు.

ఇంకో సిగ్గుచేటు సంగతి ఉంది. పది లక్షలంటే వంద యొక్క ఘనం. ఒకటి అంటే ఒకటి ఘనం. రెండు ఘనాల మొత్తం ఉంటే, ఆ రెండు సంఖ్యల మొత్తం దానికి కారణాంకం అవుతుందని తొమ్మిదో తరగతికి ఏటా చెప్పేవాణ్ని. వందా ఒకటీ నూట ఒకటి. బోర్డు మీద అరవైసార్లు రాసి ఉంటాను. ముచ్చటగా ఉందని సంఖ్య ముఖం చూస్తూ కూర్చున్నాను గానీ దాని లోపల ఏముందో చూడలేదు.

ఇప్పుడు చిక్కంతా సీటు దగ్గర. ఆ మేడం చెప్పింది. సీటు వస్తే పంపుతామని పిల్ల తల్లిదండ్రులు ఒప్పుకున్నారట, లేకపోతే మగ్గం మీద కూర్చోవాల్సిందే. మా బడి అమ్మాయి సంగతీ అంత తేలికేమీ కాదు. కానీ వాళ్ల ఊరికి వనపర్తి బస్సుంది, ప్రభుత్వ కాలేజీకి పోయి రావచ్చు. మరునాడు నేను నాగర్‌కర్నూల్ పోయి, మా పరీక్షకు పెద్దగా ఉండే రిటైర్డు హెడ్మాస్టరును కలిశాను. ఆయన అంతా విని నెమ్మదిగా ఒక మార్గం చెప్పాడు. తప్పు ప్రశ్న అని చెప్పి రద్దు చేద్దాం, ఎవరికీ ఆ రెండు మార్కులు వద్దు, ఎవరి నోరూ లేవదు.

విన్నప్పుడు ఎంత సబబుగా ఉందో. కానీ వేళ్ల మీద లెక్క వేసి చూడండి. రద్దు చేస్తే మా అమ్మాయికి రెండు పోయి నలభై అయిదు, గద్వాల అమ్మాయికి ఆ నలభై నాలుగే. మా అమ్మాయే మొదట. సరిగ్గా దిద్దితే మా అమ్మాయికి నలభై అయిదు, గద్వాల అమ్మాయికి రెండు కలిసి నలభై ఆరు. రద్దు చేయడమంటే నా తప్పును ఆ పిల్ల మీద వేయడమే. అబద్ధం చెప్పను, బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఆ మార్గం నాకు చాలా నచ్చింది. తప్పు ఒప్పుకున్నట్టూ ఉంటుంది, సీటు మా బడిలోనే ఉంటుంది.

మర్నాడు బడిలో మా అమ్మాయిని పిలిచి, చివరి ప్రశ్నకు ప్రధాన సంఖ్య అని ఎట్లా రాశావని అడిగాను. దేనితో భాగించి చూశావో చెప్పమన్నాను. పదమూడు దాకా చూసి ఆపానని చెప్పింది. మరి తర్వాత?

"మీరు పెద్ద సంఖ్య ఇస్తే ఎప్పుడూ అదే అయితది గద సార్. ఏడేండ్ల పేపర్లు చూసిన."

ఆ పిల్ల సంఖ్యను చదవలేదు, నన్ను చదివింది. పగిలిన వాటిని నేనే పడేస్తూ వచ్చాను, ఏటా పగలని దాన్నే ఇస్తూ వచ్చాను. చురుకైన పిల్ల అది కనిపెట్టింది. తప్పు దానిది కాదు. నేను నూట ఒకటి సంగతి చెప్పాను. గద్వాల అమ్మాయి గుణకారం చూపించాను. మార్కులు ఎట్లా మారతాయో అదీ చెప్పాను. నోటుబుక్కులో తానే చేసి చూసుకుంది. తల ఎత్తకుండానే అడిగింది.

"తప్పు మీరు చేస్తే సీటు నాకెందుకు వోవాలె సార్?"

నువ్వు పోగొట్టుకున్నది నా వల్లే, గద్వాల అమ్మాయి పోగొట్టుకోబోయిందీ నా వల్లే, ఇద్దరిలో ఒకరికి న్యాయం చేసే దారి ఉంది, ఇద్దరికీ చేసే దారి నాకు కనబడలేదు బిడ్డా అన్నాను. ఏడ్చింది. నేనూ ఏడ్చినట్టే. అప్పటికి రద్దు మాట నా మనసులోంచి పోయింది.

బహుమతుల రోజు వనపర్తిలో ఒక బడి హాలు నిండింది. మా అమ్మాయి తండ్రికి నేను ముందురోజే ఇంటికి పోయి చెప్పాను. అయినా మొక్కుబడిగా వచ్చాడు, నా వైపు చూడకుండా వెనక నిలబడ్డాడు. లోపలి గదిలో ఆ రిటైర్డు హెడ్మాస్టరు రద్దు మాటే మళ్లీ ఎత్తాడు. సభలో మన పరువు పోతుందన్నాడు. పరువు పోయేది నాది కదా సార్, నేను చూసుకుంటానన్నాను. ప్రశ్నపత్రం బాధ్యత ఇవ్వాళ్టితో వదులుకుంటున్నాననీ చెప్పాను. ఆయన మైకు నా చేతికిచ్చాడు.

స్టేజీ మీదికి బోర్డు తెప్పించాను. పది లక్షల ఒకటి రాశాను. ఇది ప్రధాన సంఖ్య అని నేను రాశాను, తప్పు రాశాను అని చెప్పాను. ఎక్కడ తీసివేయాల్సింది కూడుకుంటూ పోయానో చేసి చూపించాను. సరైన జవాబు రాసిన పిల్ల పేపరును చదవకుండా కొట్టేసింది కూడా నేనేనన్నాను. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. అప్పుడు మా బడి వరసలోంచి హిందీ పండిట్ లేచి నిలబడి, చీటీల కట్ట పైకెత్తి చూపించాడు.

"మా నూట నలభై రెండు సరిగనే ఉన్నయి, అది గూడ చెప్పుండ్రి సార్."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. గద్వాల అమ్మాయిని పిలిచి, మిగతా లెక్క నువ్వు చెప్పమ్మా అని సుద్దముక్క ఇచ్చాను. స్టాఫ్‌రూములో చెప్పినంత సిగ్గు లేదు ఈసారి. జతలు జతలుగా చెప్పుకుంటూ పోయింది, చివరి ఒకటి పోయి ముందు ఒకటి మీద కూర్చోగానే వెనక వరసల్లో మాస్టర్లు లేచి చప్పట్లు కొట్టారు. ఎన్ని సభలు చూశాను నేను, లెక్కకు చప్పట్లు కొట్టడం మాత్రం అదే చూడ్డం. నా ఛాతీ ఉబ్బింది. నా తప్పును పట్టుకున్న పిల్లను చూసి అంత పొంగిపోతానని నేను అనుకోలేదు.

సీటు ఆ అమ్మాయికి వచ్చింది. మా అమ్మాయి రోజూ బస్సు మీద ప్రభుత్వ కాలేజీకి పోయి చదువుకుంది. ఆమె తండ్రి చాలాకాలం నన్ను ఎదురుపడితే పలకరించలేదు. ఆయన తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. ప్రశ్నపత్రం పని తర్వాత ఆ గద్వాల మేడం చేతికి పోయింది, నాకన్నా బాగా చేసింది. మీరు పత్రాలు తయారుచేసేటప్పుడు పట్టికను ఇంకొకరికి చూపించండి, పిల్ల రాసిన లెక్కను కొట్టేసే ముందు చదవండి. ఇంతకన్నా నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

ఆ రోజు సభ అయ్యాక హాలు ఖాళీ అయింది. కుర్చీలు తీస్తున్నారు. నేను బోర్డు తుడుద్దామని పోతే, దాని ముందు ఆ ఇద్దరమ్మాయిలూ నిలబడి ఉన్నారు. గొడవ పడుతున్నారేమోనని భయపడి ఆగిపోయాను. బోర్డు సగం మా అమ్మాయి అంకెలు, సగం గద్వాల అమ్మాయి అంకెలు. నూట ఒకటి సంగతి తేలింది, ఆ 9901 సంగతేమిటని మా అమ్మాయే అడిగిందట. తొంభై ఏడు దాకా చూస్తే చాలునని ఇద్దరూ పంచుకుని భాగిస్తున్నారు. నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను. అది ప్రధాన సంఖ్యేనని నాకు తెలుసు, ముందురోజే చూసుకుని వచ్చాను. వాళ్లనే చెయ్యనిచ్చాను. చివరి భాగహారం అయ్యాక మా అమ్మాయి చేతికంటిన సుద్ద దులుపుకుని నా వైపు తిరిగింది. పొద్దుటి నుంచి నాతో మాట్లాడని పిల్ల.

"ఇది ప్రధాన సంఖ్యనే సార్," అంది. "ఈసారి నేను చూసిన."